ఒళ్ళు విదిలించని పొట్టేలు

మా ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడేది నేను. తమ్ముడు పోయాక ఆ స్థానం అమ్మ తీసుకుంది.

వాడికి వచ్చింది మెదడువాపు జ్వరం. ఆ సంవత్సరం వానలు వెనకబట్టాక మా గురజాల వైపు ఊళ్ళలో చాలామంది పిల్లలకు వచ్చింది. పొద్దున ఒళ్ళు కాలుతోందనుకున్నాం, మధ్యాహ్నానికి మెడ బిగుసుకుపోయింది. నరసరావుపేట తీసుకుపోదామని బస్సెక్కాం. సగం దారిలో అమ్మ బస్సు ఆపమని ఒక్క కేక పెట్టింది. నాన్న వెంటనే చేత్తో ఆమె నోరు మూశాడు. పోయిన పిల్లవాణ్ణి బస్సులో ఉండనివ్వరు, దించేస్తారు. నడిరోడ్డు మీద దిగి ఎక్కడికి పోవాలి? అమ్మ కొంగు తీసి వాడి మొహం మీద కప్పాడు. వాడు నిద్రపోతున్నాడని కండక్టరుకు చెప్పాం. నరసరావుపేటలో బస్సు మారి, తిరుగు ప్రయాణం కూడా వాడు నిద్రపోతున్నాడనే చేశాం. నాన్న చెయ్యి తీసేశాడు గాని, అమ్మ నోరు మళ్ళీ తెరుచుకోలేదు.

కర్మలయ్యాయి. పత్తి తీతలు మొదలయ్యాయి. నాపరాళ్ళు నిలువునా పాతి కట్టిన దడి ఉంది మా పెరట్లో. అమ్మ దాని పక్కన కూర్చునేది. నీడ జరిగిపోయి ఎండ మీదికి వచ్చినా కదిలేది కాదు. నేనే వెళ్ళి చెయ్యి పట్టి లేపి నీడలోకి మార్చేదాన్ని. ముద్ద నోట్లో పెడితే నమలడం మరిచిపోయి బుగ్గన పెట్టుకుని ఉండేది. తల దువ్వుకునేది కాదు. ఏడ్చేది కూడా కాదు. ఊళ్ళో వాళ్ళకు అది చూసి ఇంకా భయమేసింది.

"ఏడవవే తల్లీ, ఏడిస్తే బరువు దిగుద్ది."

"పలకవేందే? మేం అంత కానివాళ్ళమా?"

"ఇంకో పిల్ల ఉంది గదా, దాని మొకం చూసైనా లెయ్యాల."

అలా అని నన్ను ముందుకు తోసేవాళ్ళు. నేను గోడకు అతుక్కుపోయేదాన్ని. అప్పటికి ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్నాను. గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకాలు చదువుకోవడం, డైరీలో నాలుగు ముక్కలు రాసుకోవడం తప్ప నాకు వేరే లోకం లేదు. నా మొహంలో ఆమె లేచి తిరగవలసినంత కారణం ఏదీ కనబడదని నాకు తెలుసు. అయితే ఒక సంగతి మాత్రం గమనించాను. వచ్చిన ప్రతివాళ్ళూ అమ్మ నుంచి ఏదో ఒకటి కావాలని వచ్చేవాళ్ళు. ఒక మాట కావాలి, లేకపోతే ఒక కన్నీటిచుక్క కావాలి. ఏదీ ఇవ్వకపోతే చిన్నబుచ్చుకుని పోయేవాళ్ళు. నేనూ అంతే. ముద్ద మింగితే చాలని ఆమె గొంతు వైపే చూస్తూ కూర్చునేదాన్ని.

పక్కింటి సాయిబులది సైకిలు షాపు. ఆ ఇంటావిడ అమ్మను అక్కా అని పిలిచేది. ఆమె దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. ఎవరో వచ్చి వేపమండలతో దిగదుడిచారు. చివరికి నాన్న మాచర్ల నుంచి వచ్చే రైల్లో గుంటూరు తీసుకుపోయి మనసు జబ్బుల డాక్టరుకు చూపించాడు. ఆయన ఇచ్చిన మాత్రలతో అమ్మ నిద్రపోయింది. లేచాక మళ్ళీ దడి పక్కనే.

అప్పుడు మా నాయనమ్మ ఎవరికీ చెప్పకుండా పోలేరమ్మ గుడికి నడిచి వెళ్ళి, కోడలు మళ్ళీ మనిషయితే పొట్టేలును ఇస్తానని మొక్కుకుంది. నాయనమ్మ మాట కటువు. కానీ ఆ రోజుల్లో అమ్మ జుట్టులో చిక్కు తీసింది ఆమె వేళ్ళే.

మా వైపు మొక్కిన జీవానికి చెవి కొస కోసి, నుదుట పసుపు రాస్తారు. అక్కడి నుంచి అది అమ్మవారి సొత్తు. అమ్మకూడదు, మార్చకూడదు. కోరిన కోరిక తీరితే, ఏటా అమ్మవారికి జరిపే జాతర, కొలుపు రోజున దాన్ని గుడి ముందు నిలబెట్టి వీపు మీద పసుపునీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. అప్పుడే కత్తి ఎత్తుతారు. విదిలించకపోతే ఎత్తరు.

పొట్టేలు పిల్లగా ఉన్నప్పుడే నాయనమ్మ దాన్ని కొనుక్కొచ్చింది. తల్లిని వదిలి ఎన్నాళ్ళో కాలేదు, ఒకటే అరుపు. చెవి కోసిన చోట ఈగలు ముసిరేవి. నాయనమ్మకు మోకాళ్ళ నొప్పులు, నాన్న పొద్దస్తమానం చేలో. నేను తవుడు కలిపి పెట్టి, పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. ఒకరోజు అది తాడు తెంపుకుని అమ్మ దగ్గరకు పోయి, నేల మీద పడి ఉన్న ఆమె కొంగు నమలడం మొదలుపెట్టింది. అమ్మ చూసింది. కొంగు లాక్కుంది. అది మళ్ళీ పట్టుకుని లాగింది. అమ్మ ఈసారి గట్టిగా లాక్కుంది. ఎవరూ చెయ్యి పట్టి చేయించకుండా ఆమె తనకు తానుగా చేసిన మొదటి పని అదే. నేను పుస్తకం మూసి చూస్తూ కూర్చున్నాను. వాళ్ళిద్దరూ చాలాసేపు ఆ కొంగు కోసం కొట్లాడుకున్నారు. దాని నోట్లో సగం అంచు పోయింది.

మర్నాడు దాని చెవికి పసుపు, నూనె కలిపి రాస్తూ కనబడింది అమ్మ. ఆ తరువాత దడి దాటింది. పొలం గట్ల మీద తుమ్మకాయలు ఏరుకొచ్చేది. సుబాబుల్ కొమ్మలు విరుచుకొచ్చేది. నేను ఒకసారి సుబాబుల్ ఆకు మోపెడు తెచ్చి పడేస్తే వెనక నుంచి మాట వినబడింది.

"అంత పెట్టబాకు. బొచ్చు రాలుద్ది."

వెనక్కి తిరిగి చూడటానికి కూడా భయపడ్డాను. చూస్తే ఆగిపోతుందేమోనని. "ఊఁ" అని సగం తీసి పక్కన పెట్టాను.

చచ్చిపోయిన కొడుకును దానిలో చూసుకుంటోందని ఊళ్ళో అన్నారు. నాకలా అనిపించలేదు. తమ్ముణ్ణి అమ్మ ఎప్పుడూ తిట్టలేదు. దీన్ని నానా తిట్లూ తిట్టేది. వాడికి ఇంటి నిండా పేర్లే, దీనికి పేరే పెట్టలేదు. "ఇదిగో" అంటే వచ్చేది. దానికి మా ఇంట్లో ఏం జరిగిందో తెలియదు. ఆమెను జాలిగా చూడదు. ఆకలైతే మోకాలి మీద తలతో గుద్దుతుంది, కడుపు నిండితే పక్కన పడుకుని నెమరు వేస్తుంది. దాని వీపు మీద చెయ్యి వేసి ఆ నెమరు చూస్తూ అమ్మ తన అన్నం తను నమిలి మింగేది. నేను ఆమె గొంతు వైపు చూడటం మానేశాను.

వారానికి ఒకటి రెండుసార్లు చేతిపంపు దగ్గర దాన్ని కడిగేది. కడిగిన వెంటనే అది ఒళ్ళు దులుపుకుంటే నీళ్ళన్నీ తన మీద పడతాయని, వీపు మీద చెయ్యి అదిమిపెట్టి "ఆగు" అనేది. తను నాలుగడుగులు వెనక్కి వచ్చి నాలుకతో టక్కుమని చప్పుడు చేసేది. అప్పుడు అది తల నుంచి తోక దాకా విదిలించేది. ఎండలో నీళ్ళు చిమ్మి లేచేవి. చూస్తూ చూస్తూ ఉండగా అది ఎంత అలవాటయిందంటే, చెయ్యి తీసేసినా, ఎంత తడిసినా, ఆ చప్పుడు వినబడేదాకా అలాగే నిలబడేది. ఒకసారి అమ్మ దూరం పోకుండానే మరచిపోయి చప్పుడు చేసింది. చీరంతా తడిసింది. "నీ తాడు తెగ!" అని నవ్వింది. ఆ నవ్వుకు వంటింట్లోంచి నాయనమ్మ పరుగున వచ్చి, గడప దగ్గర నిలబడి రెండు చేతులూ గుడి వైపు ఎత్తి దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం చూసి నాకు మొక్కు గుర్తొచ్చింది. పొట్టేలు అప్పటికే నిండుగా ఎదిగింది. కొమ్ములు మెలి తిరిగాయి.

ఆ నెల గుంటూరు వెళ్ళినప్పుడు డాక్టరు అమ్మ చేతుల వంక చూసి, "ఏంటమ్మా ఈ గీతలన్నీ?" అని నన్ను అడిగాడు. నేను అమ్మ వైపు చూశాను.

"తుమ్మముళ్ళు," అంది అమ్మ.

ఆయన రాస్తున్న కలం ఆపాడు. "ముళ్ళలోకి నీకేం పని?"

"దానికి కాయలు కావాలయ్యా. పొట్టేలుకి. నిన్నటి మేతే ఇయ్యాల కూడా పెడితే మొకం తిప్పుకుంటది."

"మరి నువ్వేం తిన్నావు ఇవాళ?"

"దానికి పెట్టి నేనూ తిన్నా."

డాక్టరు నాన్నను పక్కకు పిలిచాడు. తలుపు దగ్గరే ఉన్నాను గనక విన్నాను. "నా మాత్రలు నిద్రపుచ్చుతాయి. నిద్ర లేవడానికి మనిషికి ఏదో ఒకటి ఉండాలి. తన మీద ఆధారపడి, తనను ఏమీ అడగని జీవి ఒకటి పక్కన ఉంటే ఇలాంటివాళ్ళు తేరుకోవడం నేను చూశాను. మాత్రలు తగ్గిస్తున్నాను. ఆ పొట్టేలును మాత్రం అమ్మకండి."

"అమ్మం సార్," అన్నాడు నాన్న. అబద్ధం చెప్పలేదు. అది అమ్మకూడని జీవం.

తరువాత ఒక పత్రికలో చదివాను, కొన్ని దేశాల్లో మనసు చెదిరినవాళ్ళ దగ్గరకు కుక్కల్నీ గుర్రాల్నీ తెచ్చి కొంతసేపు వదులుతారట. వాటి మెడ నిమిరితే మూగవాళ్ళలా ఉండిపోయినవాళ్ళు కూడా పలుకుతారట. నాకు ఆశ్చర్యమనిపించలేదు. ఆ జంతువుల చెవులు ఎవరూ కోసి ఉండరు కదా అనుకున్నాను.

కొలుపు దగ్గరపడింది. పక్కింటావిడ దడి మీద నుంచి నాయనమ్మను పిలిచి నవ్వుతూ చెబుతోంది.

"మీ కోడలు నిన్న నన్ను తిట్టింది అత్తా!"

"ఏవని?"

"నా కోళ్ళు దాని తవుడు తిన్నయ్యంట. నీ ఇంట్లో గింజలు కరువా, నా కొంపకు తోలావని. ఎంత సంతోషమేసిందో! చానా రోజులయింది ఆమెతో తిట్లు తిని."

నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది. "అయితే మనిషయినట్టే. ఈ కొలుపుకే ఇచ్చేద్దాం. అప్పు పెట్టుకోగూడదు ఆ తల్లి దగ్గర."

పంపు దగ్గర నీళ్ళ చప్పుడు ఆగింది. అమ్మ తడిచేతులతో వచ్చింది.

"ఏంది అత్తా ఇచ్చేది?"

నాయనమ్మ తడబడింది. అప్పటిదాకా అమ్మకు మొక్కు సంగతి ఎవరూ చెప్పలేదు. పొట్టేలు వచ్చిన రోజున చెప్పినా తలకెక్కే స్థితిలో లేదు. కోసిన చెవికి రోజూ మందు రాసిన మనిషే, ఎందుకు కోశారని అడగలేదు. ఇప్పుడు నాయనమ్మే చెప్పింది.

"నన్నడిగి మొక్కావా?"

"నువ్వు అడిగే మాదిరి ఉన్నావంటే అప్పుడు?"

"వేరేది ఇద్దాం అత్తా. దీనికంటే పెద్దది తెద్దాం."

"మారిస్తే ఊరుకుంటదా? మాట తప్పితే మళ్ళీ ఎవురి మీదికొస్తదో." నాయనమ్మ గొంతు తగ్గింది. నా వైపు చూసింది. "ఇంక ఆ పిల్ల ఒక్కతే గదే మిగిలింది."

అమ్మ కూడా నా వైపు చూసింది. ఆ చూపు చాలాసేపు నా మీదే ఉంది. నేను చూడలేక తల దించుకున్నాను.

పక్కింటావిడ దడి మీద చెయ్యి చాపి అమ్మ భుజం పట్టుకుంది. "మేమూ బక్రీదుకు పెంచుతాం గదక్కా. పిల్లలు దాని మెడ పట్టుకుని ఏడుస్తారు. నేనూ ఏడుస్తా. అయినా ఇస్తాం."

"మీకు అది మందు కాదు గదా చెల్లే," అంది అమ్మ.

తలుపు దగ్గర విన్నది నేను చెబితే, అమ్మ నాన్న దగ్గర డాక్టరు మాట ఎత్తింది. "ఆయనకు మన పద్ధతులేం తెలుసే," అన్నాడు నాన్న. ఆ రాత్రి అన్నం తినలేదు.

కొలుపు రోజున డప్పులతో పొట్టేలును తోలుకుపోయారు. అమ్మ రానంది. నేను నాయనమ్మ వెనక వెళ్ళాను. గుడి ముందు నిలబెట్టి, మెడలో వేపాకు కట్టి, వీపు మీద పసుపునీళ్ళు పోశారు. అది కదలలేదు. ఇంకో చెంబు పోశారు. చెవుల్లో చల్లారు. కడవెత్తి కుమ్మరించారు. పొట్టకింద నుంచి పచ్చని నీళ్ళు కారుతున్నాయి, అది మాత్రం తల ఎత్తి ఎవరి కోసమో చూస్తూ నిలబడింది. డప్పులు ఆగాయి. ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు. కత్తి పట్టుకున్న పెద్దాయన చెమట తుడుచుకుంటూ, "ఏందమ్మో, లోపం యాడుందో చూసుకోండి," అన్నాడు.

"దాన్ని పెంచిందాన్ని పిలవండి," అంది ఒకామె. "ఆమె నాలికతో టక్కుమంటే చాలు, ఇదిలిస్తది. నా కళ్ళతో చూశా పంపు కాడ."

నన్నే పంపారు. అమ్మ దడి పక్కన కూర్చుని ఉంది. నేను చెప్పింది విని లేచింది. దారిలో ఒక్క మాట అడిగింది.

"ఇంకా నిలబడే ఉందా?"

"ఉందమ్మా."

జనం దారి ఇచ్చారు. పొట్టేలు ఆమెను చూసి ముక్కుతో చిన్నగా శబ్దం చేసింది. నాయనమ్మ అమ్మ చెయ్యి పట్టుకుని బతిమాలింది. "ఒక్క చప్పుడు చెయ్యవే. నా తల్లివి గదూ. ఒక్కటి. తీరిపోద్ది."

అమ్మ నోరు తెరిచింది. నేను కళ్ళు మూసుకున్నాను. చప్పుడు రాలేదు. కళ్ళు తెరిచేసరికి ఆమె నోరు మూసుకుని ఉంది. చూపు పొట్టేలు మీద లేదు, మా ఎవరి మీదా లేదు. దడి పక్కన కూర్చున్న రోజుల్లో ఎటు చూసేదో అటే పోయింది. కాళ్ళు మడుచుకుని అక్కడే తడినేల మీద కూర్చుంది.

"ఏమే! పలకవే!" నాయనమ్మ భుజాలు పట్టి ఊపింది. నాన్న వచ్చి ఊపాడు. తల అటూ ఇటూ వాలింది గాని మాట లేదు. నాయనమ్మ గుండెలు బాదుకుంది. "మళ్ళీ వొచ్చిందిరా దీనికి! మళ్ళీ పోయిందిరో!"

పెద్దాయన కత్తి దించాడు. "ఇంకా మనిషి కాలా. మొక్కు తీరలా. అందుకే తల్లి పట్టలేదు. తోలుకుపొండి. బాగయినాకే తేండి." ఒక కోడిని కోసి డప్పులు మళ్ళీ మొదలుపెట్టారు.

ఇంటికి వచ్చాక నాయనమ్మ మంచం ఎక్కింది. నేను పెరట్లోకి వెళ్ళేసరికి అమ్మ పొట్టేలు మెడలోని వేపాకు తెంపుతూ దాని చెవిలో మెల్లగా అంటోంది.

"దాహమేస్తందా? ఉండు, తెస్తా."

నన్ను చూసి ఆగింది. బతిమాలలేదు, చెప్పొద్దని సైగ చేయలేదు. ఊరికే చూసింది. నేను వెళ్ళి బొక్కెనతో నీళ్ళు తెచ్చి పెట్టాను. అప్పుడు నాకు అంతా అర్థమైంది. మొక్కు ఎగ్గొడితే నా మీదికి వస్తుందని భయం. తీరిస్తే పొట్టేలు పోతుంది. తను బాగుపడనంత కాలం మొక్కు తీర్చవలసిన పని లేదు. అమ్మ ఆ దారి పట్టుకుంది. మాట్లాడకపోవడం నాకు చేతనైన ఒకే ఒక్క పని గనక, నేనూ ఆమెతో పాటు ఊరుకున్నాను.

కొన్నాళ్ళు అలా సాగింది. మనుషుల ముందు రాయిలా కూర్చునేది. అందరూ పోయాక పొట్టేలుతో రెండు మాటలు, ఎప్పుడైనా నాతో ఒకటి. కానీ నాన్న చూస్తూ ఎలా ఊరుకుంటాడు? మళ్ళీ గుంటూరు. మేము చూపించుకునే డాక్టరు బదిలీ అయిపోయాడు. కొత్తాయన మంచివాడే. చాలాసేపు ప్రశ్నలు వేశాడు. అమ్మ నేల చూస్తూ కూర్చుంది. నాన్న ఏడ్చాడు. మాత్రలు పనిచేయడం లేదు గనక తలకు కరెంటు పెట్టాలన్నారు. ఆ వైద్యంతో బాగుపడి నవ్వుతూ ఇంటికి పోయినవాళ్ళను ఆ వరండాలోనే చూశాను. వాళ్ళకు నిజంగా జబ్బు ఉంది. నేను నోరు తెరవబోయాను. బల్ల కింద అమ్మ చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు చాలా గట్టిది. విడదీసి ఆమెను లోపలికి తీసుకుపోయేదాకా వదల్లేదు.

కొన్ని విడతలు పెట్టారు. ఇంటికి వచ్చిన రోజున పొట్టేలు ఎదురొచ్చి మోకాలి మీద గుద్దింది. అమ్మ తూలి పడబోయి, ఇదెవరిది అన్నట్టు నా వైపు చూసింది.

డాక్టరు చెప్పాడు, మరుపు కొద్దిరోజులే ఉంటుందని. ఉప్పు డబ్బా ఎక్కడుందో గుర్తొచ్చింది. పక్కింటావిడను గుర్తుపట్టింది. పొట్టేలుకు ఇప్పుడు కాయలు ఏరుకొస్తుంది, తవుడు కలుపుతుంది. పెరట్లో ఎవరూ లేనప్పుడు కూడా మాట్లాడదు. నాతో కూడా మాట్లాడదు. దాని కోసం మాటను అలా దాచిపెట్టిందా, లేక దాచిన చోట అది నిజంగానే పోయిందా, నేను చెప్పలేను. అడిగితే చెబుతుందేమోనని ఒకటి రెండుసార్లు దగ్గరకు వెళ్ళి, ఆమె నుంచి ఏదో కావాలని వచ్చినవాళ్ళలో నేనూ ఒకదాన్ని కాకూడదని తిరిగి వచ్చాను. ఈ ఏడు కొలుపుకు నాయనమ్మ మా పెరటి వైపు చూడను కూడా చూడలేదు.

నిన్న ఎండగా ఉంటే అమ్మ దాన్ని పంపు దగ్గర కడిగింది. ముసలిదయింది, బొచ్చు పలచబడింది. కడగడం అయ్యాక అమ్మ అలవాటు ప్రకారం చెయ్యి తీసి నాలుగడుగులు వెనక్కి వచ్చింది. నిలబడింది. తరువాత ఏం చెయ్యాలో వెతుక్కుంటున్నట్టు కాసేపు తడిచేతుల వంక చూసుకుంది. అటు తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

నేను నాలుకతో టక్కుమనిపించాను. మళ్ళీ చేశాను. పొట్టేలు నా వైపు చూడలేదు. నీళ్ళు కారుతున్న ఒంటితో, అమ్మ వెళ్ళిన గుమ్మం వైపు తల ఎత్తి, అలాగే నిలబడి ఉంది.